మంచం పక్కన కూర్చునే మనిషి కోసం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పెద్దాసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్లకు పళ్లు, బ్రెడ్డు పంచి వచ్చేయడం చాలదని, వాళ్ల మంచం పక్కన రాత్రింబవళ్లు ఉండే మనిషికి ఏదైనా చేయాలని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఈ ఏడాదంతా ఆ పని మీదే ఉన్నాం.

ముందు భోజనం పొట్లాలు ఇచ్చాం. నాలుగు రోజులు వార్డులో తిరిగాక తెలిసింది, వాళ్లకు ఆకలి కన్నా భయమే ఎక్కువని. ఫిజియోథెరపిస్టు రోజులో కాసేపే ఉంటారు. మిగతా వేళంతా ఇంటివాళ్లదే భారం. అడగాలంటే మొహమాటం.

ఒకావిడ భర్తను లేపి కూర్చోబెట్టడానికి పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగుతోంది. ఆయనకు మాట రాదు, నొప్పికి మొహం ముడుచుకుపోతోంది. ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆవిడ చేతిని అక్కణ్ణుంచి తీసి ఆయన వీపు వెనక పెట్టించి, మెల్లగా పక్కకు తిప్పి లేపించారు. "ఇన్నాళ్లూ నేనే నొప్పి పెట్టానా" అని ఆవిడ ఏడ్చేసింది. ఆ వారం నుంచే శనివారం శిక్షణ మొదలుపెట్టాం.

నేర్పేది ఆసుపత్రి సిబ్బందే, మనం మనుషుల్ని కూడగడతాం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం, చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న, ఇవి తొందరగానే వచ్చేశాయి. కష్టమైంది నీళ్ల విషయం. మింగగలరని పరీక్ష చేసి చెప్పేదాకా నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నాలుక ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఏ తల్లికైనా కష్టమే. తడిగుడ్డతో పెదాలు అద్దమని చూపించాం.

నాటువైద్యంగా పావురం రక్తం రాయిస్తామని డిశ్చార్జి అడిగినవాళ్లతో వాదన పెట్టుకోలేదు. బీపీ మాత్రలు, ఎక్సర్‌సైజులు మాత్రం ఆపొద్దని బతిమాలాం. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన పక్షవాత బాధితులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు రూ.15,000 పింఛను ఉందని చాలామందికి తెలియదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు కాగితాలు సిద్ధం చేయడంలో సాయపడ్డాం. అక్టోబరు 29న, ప్రపంచ స్ట్రోక్ (పక్షవాత) దినం నాడు, మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలని, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలేనని బజారులో చెప్పాం.

రాత్రి తోడు మాత్రం అనుకున్నట్టు సాగలేదు. అటెండర్‌గా ఉన్నవాళ్లు స్నానం చేసి, తిని, కాసేపు నడుం వాల్చేలా మనం రెండు గంటలు కూర్చోవాలని అనుకున్నాం. పరీక్షల రోజుల్లో, ఎండల్లో మనవాళ్లు రాలేకపోయారు. నమ్ముకుని ఎదురుచూసినవాళ్లు ఉన్నారు, వాళ్లకు క్షమాపణ చెప్పాం. షుగర్ ఉండి కూడా తమ మాత్రలు మానేసి, రాత్రంతా కిందే చాప మీద పడుకునే కోడళ్లను, భార్యలను చూశాక ఈ పని వదిలేయడానికి మనసొప్పలేదు.

జమాఖర్చుల లెక్క విడిగా జతచేశాం. వారానికి ఒక్క రోజు, రాత్రి 8 నుంచి 10 దాకా రాగలిగినవాళ్లు కార్యదర్శికి పేరివ్వండి. ఆడవాళ్ల వార్డుకు ఆడవాళ్లే కావాలి, అక్కడే కొరత ఎక్కువగా ఉంది.