జవాబు చెప్పకుండానే మూసేసిన ఫిర్యాదు గురించి కలుపు మందు కంపెనీకి లేఖ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: వరిలో ఊద అనే గడ్డి జాతి కలుపు చావకపోవడంపై నేను చేసిన ఫిర్యాదును, అడిగినదానికి జవాబు ఇవ్వకుండానే పరిష్కారమైనట్టు నమోదు చేయడం గురించి.

అయ్యా,

నేను చాలా ఏళ్లుగా మీ కంపెనీ కలుపు మందులు వాడుతున్న వరి రైతును. మందు పనిచేయలేదని నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. ఏ మందైనా ఎప్పుడో ఒకసారి పనిచేయకపోవచ్చునని వ్యవసాయం చేసేవారందరికీ తెలుసు. నేను మీవాళ్లను అడిగింది ఒక్కటే: నా చేలో ఊద చావకపోవడానికి కారణం ఆ బ్యాచ్ మందులో బలం లేకపోవడమా, లేక ఊదే ఆ మందుకు లొంగకుండా తయారవడమా? ఈ సంగతి తేల్చే ప్రయోగశాల, తేల్చగల శాస్త్రవేత్తలు మీ దగ్గర ఉన్నారు, నా దగ్గర లేరు. అందుకే అడిగాను. కస్టమర్ కేర్ వారు డీలరును అడగమన్నారు, డీలరు ఫీల్డ్ ఆఫీసరును అడగమన్నాడు, ఫీల్డ్ ఆఫీసరు మళ్లీ కస్టమర్ కేర్‌కే ఫోన్ చేయమన్నారు. ఈ తిప్పుడంతా అయ్యాక "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఏమని పరిష్కరించారో అందులో ఒక్క ముక్క లేదు. ఆ మెసేజ్ చూసిన తర్వాతే మీకు నేరుగా రాయాలని నిర్ణయించుకున్నాను.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అయితే నేను ఊద అనగానే "గడ్డే కదా సార్" అని, ఫిర్యాదులో "గడ్డి చావలేదు" అని మాత్రమే రాసుకుంది. కలుపు మందులు అమ్మే కంపెనీ తరఫున ఫోన్ ఎత్తేవారికి కలుపులో రకాలుంటాయన్న సంగతి చెప్పి కూర్చోబెట్టాల్సిన బాధ్యత మీది కాదా? వరిలో గడ్డి జాతి కలుపు వేరు, మూడు పలకల కాండంతో పెరిగే తుంగ జాతి వేరు, గుంటగలగర వంటి వెడల్పాకు మొక్కలు వేరు. ఒకదాన్ని చంపిన మందు ఇంకొకదాన్ని చంపకపోవచ్చు. 1940ల నుంచి వాడుకలో ఉన్న 2,4-డి వెడల్పాకు కలుపును మాడ్చేస్తుంది కానీ ఊదను ఏమీ చేయదు. ఏ కలుపు మిగిలిందో తెలియకుండా ఎందుకు మిగిలిందో ఎవరూ చెప్పలేరు. నేను ఎంత నచ్చజెప్పినా ఆ అమ్మాయి ముందున్న కంప్యూటర్లో "ఊద" అని రాయడానికి చోటు లేదట. బిల్లు ఫొటో, బ్యాచ్ నంబరు పంపమంది. పంపాను. ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు పలికేది, మళ్లీ బిల్లు ఫొటో, బ్యాచ్ నంబరు పంపమనేది. అంతకుముందు పంపినవి ఏమయ్యాయో చెప్పినవారు లేరు.

తర్వాత ఒకాయన నా మాట పూర్తిగా వినకుండానే, "మీరు పిచికారీ ఆలస్యంగా చేసి ఉంటారు సార్, రైతులందరూ చేసే పొరపాటే ఇది" అని తేల్చేశారు. ఎప్పుడు కొట్టానని అడగలేదు, ఏ నాజిల్ వాడానని అడగలేదు, నీరు తీశానా లేదా అని కూడా అడగలేదు. ఊద రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉండగా, చేలో నీరు తీసేసి, మొక్క అంతా మందుకు తగిలేలా ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో కొట్టి, ఆ వెంటనే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ నీరు పెట్టాను. మీ డబ్బా మీద ముద్రించినదే తు.చ. తప్పకుండా చేశాను. ఇదంతా చెప్పబోతుంటే ఆయన, "నోట్ చేసుకున్నాం సార్" అని ఫోన్ పెట్టేశారు. ఏం నోట్ చేసుకున్నారో ఆ భగవంతుడికే తెలియాలి.

నిజానికి వారు విని ఉంటే సమాధానంలో సగం అక్కడే దొరికేది. పిచికారీలో లోపముంటే ఆ లోపం చేలో గీతలు గీసినట్టు కనిపిస్తుంది: మందు పడని చాళ్లలో అన్ని రకాల కలుపూ బతుకుతుంది, పడిన చోట అన్నీ చస్తాయి. నా చేలో జరిగింది అది కాదు. గుంటగలగర పూర్తిగా ఎండిపోయింది. తుంగ జాతి పసుపు తిరిగి కుళ్లిపోయింది. ఊదలోనే కొన్ని దుబ్బులు చచ్చి, వాటిని ఆనుకుని ఉన్న దుబ్బులు పచ్చగా నిలబడ్డాయి. ఒకే జాతి కలుపు, ఒకే రోజు, ఒకే పంపుతో కొట్టిన మందు కింద ఇలా చచ్చినవీ బతికినవీ పక్కపక్కనే ఉంటే, ఆ కలుపులో మందుకు లొంగని మొక్కలు తలెత్తుతున్నాయేమోనని ముందుగా అనుమానించాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. ట్రయజీన్ అనే వర్గం కలుపు మందులకు లొంగని కలుపు గురించి 1970లోనే అమెరికాలో శాస్త్రీయంగా ప్రచురించారు. ఆ తర్వాత ప్రపంచంలో ఎన్నో పంటల్లో, ఎన్నో మందులకు ఇదే జరిగింది, వరిలో ఊద విషయంలో కూడా జరిగింది. మందు కొత్తగా ఏ మొక్కనూ మార్చదు. ముందే ఎక్కడో ఒకటీ అరా ఉన్న మొండి మొక్కలను వదిలేసి మిగిలినవాటిని చంపుతుంది. ఏటా అదే మందు కొడితే చివరికి చేను నిండా ఆ మొండి మొక్కల సంతానమే మిగులుతుంది. మీ శాస్త్రవేత్తలకు ఇది నాకంటే బాగా తెలుసు. తెలిసినవారి దాకా నా మాట చేరనివ్వకపోవడమే నా బాధ.

ఫీల్డ్ ఆఫీసరు గారి సంగతి వేరే చెప్పాలి. రేపు వస్తానన్నారు, ఎల్లుండి వస్తానన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి ఫొటోలు పంపమంటే పంపాను. ఫొటోలో అంతా వరే కనిపిస్తోందని జవాబిచ్చారు. దూరం నుంచి తీసిన ఫొటోలో లేత ఊద వరిలాగే ఉంటుందని, అది ఇన్నాళ్లు వరితో కలిసి బతకడానికి ఆ పోలికే కారణమని ఆయనకు తెలియదా? ఒక దుబ్బు పీకి, ఆకు కాండాన్ని కలిసే చోట వేళ్లతో విడదీసి చూస్తే వరికి పల్చటి తెల్లని పొర, దాని పక్కన కాండాన్ని చుట్టుకున్న చిన్న చెవుల్లాంటి అంచులు కనిపిస్తాయి. ఊదకు ఆ పొరా ఉండదు, ఆ చెవులూ ఉండవు, ఆ చోటు నున్నగా ఉంటుంది. ఏ కలుపు తీసే మనిషిని అడిగినా వంగి చూసి చెప్పే సంగతి ఇది. దానికి చేలో దిగి ఒక దుబ్బు పీకాలి. మీ ఆఫీసరు గారు చేయలేనిది అదొక్కటే.

ఇంకొకాయన చెప్పిన సలహా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను వాడింది బిస్‌పైరిబాక్ సోడియం. అది పనిచేయకపోతే పెనాక్సులం ఉన్న మీ మరో మందు కొనుక్కుని మళ్లీ కొట్టమన్నారు. ఈ రెండూ మొక్కలో కొన్ని అమైనో ఆమ్లాలు తయారుకాకుండా అడ్డుకునేవే, పైగా రెండూ ఆ పనిని ఒకే ఎంజైము మీద చేస్తాయి. మొదటిదానికి లొంగని ఊద రెండోదానికి లొంగుతుందని నమ్మకం ఏముంది? పనిచేసే తీరు వేరుగా ఉన్న మందుకు మారాలి, లేదా మందు మాని మనుషులతో, వీడర్‌తో తీయించాలి. కొన్ని దేశాల్లో పనిచేసే తీరును బట్టి మందు ఏ వర్గానికి చెందిందో డబ్బా మీదే అంకెతో ముద్రిస్తారు, రైతు తనంతట తాను చూసుకుని మార్చుకుంటాడు. నా సందేహం ఇదని చెబితే ఆయన, "అంత టెక్నికల్ విషయాలు మాకు తెలియవు సార్, కొత్త ప్రోడక్ట్ చాలా పవర్‌ఫుల్" అన్నారు. తెలియదన్న మాట నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఆయనను తప్పుపట్టను. తెలియని మనిషి చేత సలహా ఇప్పించిన మిమ్మల్ని తప్పుపడుతున్నాను.

చివరిసారి మాట్లాడినాయన ఈ సీజనుకు వదిలేసి వచ్చే సీజన్లో చూద్దామన్నారు. ఊద మనకోసం ఆగదు. ఒక్క దుబ్బు వేల గింజలు రాలుస్తుంది, అదీ వరి కోతకు ముందే. రాలిన గింజలు నేలలో ఉండి కొన్నేళ్లపాటు విడతలు విడతలుగా మొలుస్తూనే ఉంటాయి. 1879లో అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త సీసాల్లో పాతిపెట్టిన కలుపు విత్తనాల్లో కొన్ని 2021లో తీసి నాటితే కూడా మొలకెత్తాయి. ఊద గింజకు అంత ఆయుష్షు లేకపోయినా, మొండి మొక్క గింజ ఒక్కసారి నేలలో పడితే నా చేతిలో ఉండేది తక్కువే. మీవాళ్లు నన్ను ఫోన్లో ఎదురుచూడమన్న ఆ రోజుల్లో ఊద కంకి వేసింది. అప్పటికి ఏ మందూ దానికి పనిచేయదు. కూలీలను పెట్టి కంకులు రాలకముందే పీకించి, గట్టు మీద వేయకుండా బయటికి మోయించి తగలబెట్టాను. మొదటి ఫోనుకే ఎవరైనా తెలిసినవారు పలికి ఉంటే ఇంకో వర్గం మందు కొట్టే అదను నాకు మిగిలి ఉండేది. దాన్ని పోగొట్టింది మీ కస్టమర్ కేర్.

ఇన్నేళ్లలో మీ డీలరు కొత్త మందు వచ్చిందంటే నమ్మి కొన్నాను. మీరు ఏర్పాటు చేసిన రైతు సమావేశాలకు వెళ్లాను, నన్ను అడిగిన తోటి రైతులకు మీ పేరే చెప్పాను. అమ్మేటప్పుడు ఇంటికి వచ్చి మాట్లాడిన కంపెనీ, అడిగేటప్పుడు ముఖం చాటేయడం న్యాయమా? ఫిర్యాదు మూసేశాక మీ సేవకు అయిదు చుక్కల్లో ఎన్ని ఇస్తారని అడిగారు కూడా. నేను జవాబు ఇవ్వలేదు.

చచ్చిన దుబ్బుల పక్కన బతికిన ఊద దుబ్బుల నుంచి తీసిన ముదిరిన గింజలను కాగితపు సంచిలో ఆరబెట్టి ఉంచాను, అదే బ్యాచ్‌లో మిగిలిన మందు సీసా కూడా మూత బిగించి ఉంచాను. ఈ రెండూ తీసుకెళ్లి పరీక్షించి, ఫలితం ఏదైనా సరే, మీ సాంకేతిక విభాగం సంతకంతో రాసి పంపండి. మందులో లోపమని తేలితే నష్టం సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. ఊద మారిందని తేలితే చుట్టుపక్కల చేలకు కూడా మీరే చెప్పాలి, ఎందుకంటే నీళ్లతో పాటు గింజ పక్క చేలోకి వెళుతుంది.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వ్యవసాయ శాఖకు, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. మీవాళ్లతో జరిగిన సంభాషణలు, పంపిన ఫొటోలు, మూసేసిన మెసేజ్ అన్నీ జతచేస్తాను. నాకు తెలిసిన ప్రతి వరి రైతుకూ ఈ లేఖ నకలు ఇస్తాను. ఈసారి దయచేసి ఫోన్ చేయించవద్దు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారుడైన వరి రైతు