అమ్మలూ, ముందు ఆ లారీ డీజిల్ ట్యాంకు మూత సంగతి చూడు

అమ్మలూ,

నిన్న సాయంత్రం ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినపడింది. పక్క షెడ్డులో గ్రైండర్ మోగుతోంది, మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుని హాస్టల్లో ఏం తిన్నావని మొదలుపెట్టింది. అందుకే ఈ పొద్దున షెడ్డు తెరవకముందే టీ తెప్పించుకుని కూర్చుని రాస్తున్నాను. వాయిస్ పెట్టొచ్చు కదా నాన్నా అంటావు. మాట్లాడితే నాకు వరస తప్పుతుందమ్మా, అది నీకూ తెలుసు. కొంచెం పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువు.

నాకు అర్థమైంది రాస్తాను, తేడా ఉంటే చెప్పు. మీ వర్క్‌షాపుకి వచ్చింది బీఎస్ 4 (పొగ నిబంధనల నాలుగో దశ) లారీ, ఆరు సిలిండర్లు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని బయల్దేరుతుంది. ఐడిలింగ్‌లో నిక్షేపంగా ఉంటుంది, ఖాళీగా తిరిగితే పేచీ లేదు, కానీ లోడు మీద కాజ టోల్ గేటు దగ్గర ఆగి కదిలి, మూడో గేరు వేసి గట్టిగా తొక్కేసరికి దగ్గొచ్చినవాడిలా కొట్టుకుంటుంది. కాలు తీస్తే సర్దుకుంటుంది. స్కానర్ పెడితే రైల్ ప్రెజర్, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టంలో ఒత్తిడి, తక్కువ అని కోడ్ వచ్చింది. డీజిల్ ఫిల్టర్ మార్చారు, పంపు మీద డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు మార్చారు, అయినా పోలేదు. ఇప్పుడు ఆరు ఇంజెక్టర్లూ మార్చేద్దామని మీ సీనియర్లు అంటున్నారు, ఓనరేమో తల పట్టుకున్నాడు, నీ చేతికి స్కానర్ ఇచ్చారు గానీ పానా ఇవ్వలేదు. ఇంతే కదా.

ఇంజెక్టర్లు పోలేదని నేననను. పోయి ఉండొచ్చు కూడా. కానీ ఆ కోడ్ మాత్రం ఆ మాట చెప్పలేదు. మన మేడ మీద కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని మీ అమ్మ అరిచినప్పుడు నేనేం చేస్తాను? ట్యాంకులో నీళ్ళున్నాయా చూస్తాను, పైపు ఎక్కడైనా కారుతోందా చూస్తాను, కింద వాటాలో వాళ్ళు కుళాయి కట్టడం మర్చిపోయారా చూస్తాను. వెళ్ళగానే కుళాయి పీకి కొత్తది బిగించను కదా. మీ కోడ్ కూడా మీ అమ్మ అరుపు లాంటిదే. నీళ్ళు రావట్లేదన్నది నిజమే, ఎందుకు రావట్లేదో అది మనం వెతుక్కోవాలి.

అసలు డ్రైవర్‌తో ఎవరైనా కూర్చుని మాట్లాడారా? జాబ్ కార్డు మీద 'పికప్ లేదు' అని రెండు ముక్కలు రాసుకుని తాళం తీసుకుంటారు మీ వాళ్ళు. నువ్వు వెళ్ళి అడుగు. ఎప్పుడు మొదలైంది, ఉన్నట్టుండి వచ్చిందా, రోజురోజుకీ పెరిగిందా? అంతకుముందు ఎక్కడైనా పని చేయించారా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా కొడుతోందా, సగం కిందకి దిగాకే కొడుతోందా? ఈ చివరిది తప్పకుండా అడుగు. ట్యాంకు లోపల డీజిల్ లాగే పైపుకి మధ్యలో చీలిక ఉంటే, డీజిల్ ఆ చీలిక పైన ఉన్నంతసేపూ బండికి ఏ రోగమూ ఉండదు, మట్టం కిందకి దిగాక ఆ చీలికలోంచి గాలి లాగుతుంది. ఆ డ్రైవర్ ఫుల్ ట్యాంకు కొట్టించుకుని మీ దగ్గరికి వచ్చాడనుకో, మీరు రోజంతా తిప్పినా ఏమీ దొరకదు.

తర్వాత పొగ. కొట్టుకునేటప్పుడు సైలెన్సర్ నుంచి ఏ పొగ వస్తోందో నువ్వు చెప్పలేదు. నల్లగా కక్కుతుంటే డీజిల్ వస్తోంది, దానికి సరిపడా గాలి రావట్లేదు. ఎయిర్ ఫిల్టర్, ఇంజన్లోకి గాలి ఊదే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే గొట్టాలు, కొంత పొగని మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు, అటు చూడాలి. గొట్టం చిన్నగా చిరిగితే ఐడిలింగ్‌లో తెలియదు, టర్బో ఊదినప్పుడు విచ్చుకుంటుంది, ఈల వేసినట్టు శబ్దం వస్తుంది, సబ్బు నీళ్ళు పోస్తే బుడగలొస్తాయి. పొగ లేకుండా ఊరికే వణికి బలం చచ్చిపోతుంటే డీజిలే చాలట్లేదు. నీ బండిలో రైల్ ప్రెజర్ పడిపోతోంది కాబట్టి ఈ రెండోదే అని నా అనుమానం. అయినా ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడు, మిర్చి యార్డులో తిరిగే బండి కదా. విప్పేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో. నేను ఒకసారి కట్టుకోకుండా దులిపి మధ్యాహ్నం భోజనం దాకా తుమ్ముతూనే ఉన్నాను, షెడ్డులో అందరూ నవ్వారు.

ఇంక ట్యాంకు మూత. డీజిల్ బయటికి పోతున్న కొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. ఆ గాలి దారి మూతలోనో, ట్యాంకు పైన చిన్న పైపులోనో ఉంటుంది, దుమ్మూ ఆయిలూ కలిసి గట్టిపడి అది మూసుకుపోతుంది. ఐడిలింగ్‌లో ఇంజను తాగేది కొంచెమే కాబట్టి నడిచిపోతుంది. లోడు మీద తొక్కితే ఇంజను లాగినంత డీజిల్ రాదు. బండి కొట్టుకోవడం మొదలవగానే పక్కకి ఆపి మూత వదులు చేసి చెవి పెట్టి విను, లోపలికి హుస్సుమని గాలి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ నాకు పుట్టుకతో వచ్చినవి కావు. ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకి కూడా సగమే తెలుసు. 1998లో, నేను సొంతంగా డీజిల్ పంపుల షెడ్డు పెట్టి ఏడాది కూడా కాలేదు, చిలకలూరిపేట వైపు లారీ ఒకటి వచ్చింది. పత్తి బేళ్ళ లోడుతో హైదరాబాద్ వెళ్తుంటే నందిగామ దాటాక కొట్టుకుని ఆగిపోయిందట. పది నిమిషాలు ఆపితే మళ్ళీ పోతోందట. పంపు షాపు వాడికి ప్రతి రోగమూ పంపులోనే కనపడుతుంది కదా, నేను ఇంకో మాట అడక్కుండా పంపు దించి, బెంచి మీద పెట్టి క్యాలిబ్రేషన్ చేసి బిగించాను. రెండు రోజుల పని, డబ్బులు తీసుకున్నాను. నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. నాజిల్స్ (ఇంజెక్టర్ల మొనలు) అన్నాను, ఆరూ మార్చాను, మళ్ళీ డబ్బులు తీసుకున్నాను. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ ఓనర్ గట్టిగా అరిచినా బాగుండేది, ఏమీ అనకుండా స్టూలు మీద కూర్చుని నా వైపు చూస్తున్నాడు.

ఆ లారీ మీద ఒక క్లీనర్ కుర్రాడు ఉండేవాడు, పదహారేళ్ళు ఉంటాయేమో. వాడు టీ గ్లాసు ఇస్తూ, "మేస్త్రీ, ఆగిపోయినప్పుడు ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దగ్గర పైపు విప్పి నోటితో వెనక్కి ఊదుతున్నాను, ట్యాంకులో బుడబుడమంటుంది, మళ్ళీ ఇరవై కిలోమీటర్లు బాగా పోతోంది" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, నన్నెవరూ అడగలేదు అన్నాడు. ట్యాంకు దించి బోర్లించాం. అరచెయ్యంత పాల ప్యాకెట్ ముక్క వచ్చింది, దాని మీద నీలం అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు కూడా. ఎప్పుడో మూత పోతే పాలకవరు కట్టి రబ్బరు బ్యాండు వేశారట, అందులో ముక్క చిరిగి లోపల పడింది. గట్టిగా లాగినప్పుడు అది వచ్చి పైపు నోటికి అతుక్కుంటుంది, ఇంజను ఆగితే వదిలేసి పక్కకి జారిపోతుంది. నాజిల్స్ డబ్బులు తిరిగిచ్చాను, క్యాలిబ్రేషన్ డబ్బులు ఇవ్వలేదు, అప్పుడు చేతిలో లేవు. తర్వాత ఉన్నప్పుడు ఆ ఓనర్ మళ్ళీ నా షెడ్డుకి రాలేదు.

సరే, నీ బండికి వస్తాను. డీజిల్లోంచి నీళ్ళు వేరుచేసే వాటర్ సెపరేటర్ కింద స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పట్టు, పది నిమిషాలు కదపకుండా పెట్టు. నీళ్ళుంటే అడుక్కి దిగి గీత కనపడుతుంది. ఇది నీకు వేరే చెప్పక్కర్లేదు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మన వీధికి వచ్చిన బళ్ళన్నిటికీ సీసాలు పట్టుకున్నది నువ్వే కదా. ఇంజెక్టర్ లోపల కదిలే ముక్కలకి డీజిలే ఆయిలు, అందులో నీళ్ళు కలిస్తే కొత్త ఇంజెక్టర్లు వేసినా కొన్నాళ్ళకే పోతాయి, అప్పుడు ఓనర్ మిమ్మల్నే అడుగుతాడు.

నీళ్ళు లేకపోతే గాలి పట్టిందేమో చూడు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే పైపు లాగే పైపు, తోసేది కాదు. అందులో ఎక్కడైనా సందుంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. అందుకే పైకి అంతా పొడిగా కనపడుతుంది, చూసినవాడు లీకేజీ లేదని రాసేస్తాడు. రాత్రంతా ఆపితే పొద్దున సెల్ఫ్ ఎక్కువ కొట్టాల్సి వస్తోందా అని డ్రైవర్ని అడుగు, అది కూడా ఒక గుర్తు. సెపరేటర్ తర్వాత పైపు విప్పి, అక్కడ రెండడుగుల తెల్ల గొట్టం, లోపల ఏం పోతోందో కనపడేది, క్లిప్పులతో బిగించి ఇంజను రేస్ చెయ్. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటీ అరా బుడగలు మామూలే. రేస్ చేసినప్పుడల్లా సోడా కొట్టినట్టు వస్తుంటే ఆ గొట్టానికి వెనక, ట్యాంకు వైపు ఎక్కడో సందు ఉంది. మీ వాళ్ళు మొన్న ఫిల్టర్ మార్చారన్నావు కదా, బాంజో బోల్టుల (డీజిల్ పైపు కొసని బిగించే బోలు బోల్టుల) కింద కాపర్ వాషర్లు కొత్తవి వేశారా, పాతవే తిప్పి వేశారా? పాతవే అయితే అది ముందు చూడు.

దీనికన్నా గట్టి పరీక్ష ఇంకోటుంది. శుభ్రమైన క్యాన్‌లో ఇరవై లీటర్ల మంచి డీజిల్ పోసి, లాగే పైపుని ట్యాంకు నుంచి విప్పి క్యాన్‌లో పెట్టు, మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే మళ్ళించు. రిటర్న్ మర్చిపోతే క్యాన్ డీజిలంతా బండి ట్యాంకులోకి పోయి దారిలో ఆగిపోతారు, నాకు అదీ అయింది. క్యాన్‌ని ఛాసిస్‌కి తాడేసి గట్టిగా కట్టండి, క్యాబిన్‌లో మాత్రం వద్దు. లోడుతోనే మంగళగిరి దాకా వెళ్ళి రండి. కొట్టుకోవడం పోతే రోగం ట్యాంకులోనో ఆ పైపులోనో ఉంది, ఇంజెక్టర్ల జోలికి పోనక్కర్లేదు. పోకపోతే సగం అనుమానాలు తీరినట్టే. ఆ తిరిగేటప్పుడు నువ్వు పక్క సీట్లో కూర్చుని స్కానర్‌లో రైల్ ప్రెజర్ ఎంత కావాలంటోంది, ఎంత వస్తోంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. యాక్సిలేటర్ శాతం కూడా చూడు. డ్రైవర్ కాలు కదపకుండా నొక్కి పట్టినా ఆ అంకె ఎగిరెగిరి పడుతుంటే పెడల్ సెన్సారో దాని వైరో, మళ్ళీ వేరే కథ.

ఇవన్నీ అయ్యాకే ఇంజెక్టర్లు. అప్పుడు కూడా ఆరూ ఒకేసారి కాదు. ఒక్కోదాని రిటర్న్‌కి ఒక్కో సీసా పెట్టి కాసేపు నడపండి, ఆరు సీసాల్లో ఇంచుమించు ఒకే ఎత్తున రావాలి. ఒకదాంట్లో మిగతావాటికి రెండింతలు వస్తే అదే కింద వాటా కుళాయి. దాన్ని మార్చండి చాలు.

ఇప్పుడు రాసేది మాత్రం రెండుసార్లు చదువు. మా పాత బళ్ళకి ఏ సిలిండర్ మిస్సింగో తెలియడానికి ఇంజను నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేసేవాళ్ళం. నా దగ్గర నువ్వు చూశావు. నీ బండి లాంటి కామన్ రైల్ బండికి (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్ళేదానికి) ఆ పని ఎవరు చెప్పినా చెయ్యొద్దు, సీనియర్ చెప్పినా సరే. లారీ టైరులో ఉండే ఒత్తిడి 8 బార్ చుట్టుపక్కల, ఆ రైల్లో తొక్కినప్పుడు 1000 బార్‌కి పైనే ఉంటుంది. సూది మొనంత సందులోంచి వచ్చినా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చీమ కుట్టినంత చుక్కే కనపడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండదు, లోపల కండ పాడవుతుంటుంది. అలా ఎవరికైనా తగిలితే కడుక్కుని వస్తానంటే వినొద్దు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళి డీజిల్ ప్రెజర్‌తో దిగిందని డాక్టర్‌కి ఆ మాటే చెప్పాలి. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టు, చెయ్యి పెట్టొద్దు.

సీనియర్లతో గొడవ పెట్టుకోకు. 'సార్, ఆర్డర్ పెట్టేముందు క్యాన్ మీద ఒకసారి నడిపి చూద్దామా' అని అడుగు, నీ మాట అని కాకుండా ఓనర్ అడుగుతున్నాడని చెప్పినా పర్లేదు. ఒప్పుకోకపోతే ట్యాంకు మూతైనా నువ్వే చూడు, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

మధ్యాహ్నం మన వీధి కుర్రాడు గుంటూరు వస్తున్నాడు, వాడి చేత సంచి పంపిస్తున్నాను. తెల్ల గొట్టం రెండడుగులు, నాలుగు క్లిప్పులు, కాపర్ వాషర్లు సైజుకి అరడజను చొప్పున, నా 17-19 పానా. అది నాకు మళ్ళీ కావాలి, పోగొట్టకు. మీ అమ్మ గోంగూర పచ్చడి కూడా పెట్టింది, గొట్టం పక్కన పెడుతున్నానని నన్ను తిట్టి రెండు కవర్లలో చుట్టింది. వాషర్లు వేసేటప్పుడు చేతులు తుడుచుకో, నూనె మరకలుంటే లీకు ఏదో పచ్చడేదో తెలియదు.

క్యాన్ మీద ఏమైందో రేపు రాత్రి ఫోన్ చెయ్. ఎనిమిది దాటాక అయితే గ్రైండర్ ఉండదు.

మీ నాన్న
ఆటోనగర్, విజయవాడ