రేటు మీటింగ్ యార్డులోనే పెట్టండి

ఎడిటర్ గారికి నమస్తే,

మా చిత్తూరు జిల్లాలో మామిడి సీజన్ వస్తే గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్ల క్యూ మీరూ చూసే ఉంటారు, తోతాపురి కాయలు మెత్తబడి రసం కారిపోతా ఉంటే రైతు రాత్రంతా పట్టా ఎత్తి చూసుకోవడం మళ్లీ కప్పుకోవడం. ఒకసారి అట్లాంటి క్యూ పక్కనే ఒక లీడర్ కాన్వాయ్ పోయింది, కారు అద్దం కూడా దించలేదు సార్. రేటు ఆయన ఒక్కడి చేతిలో లేదని రైతులకీ తెలుసు, కానీ దిగి "ఎంత ఖర్చయింది అన్నా" అని అడిగుంటే బాగుండేది.

ఎదుటోళ్ల బాధ తెలుసుకోవడం మెతకతనం అనుకుంటారు చాలామంది, అది తప్పు. 1962లో క్యూబాలో సోవియట్ మిస్సైళ్లు పెట్టినప్పుడు అణుయుద్ధం అంచుదాకా పోయింది కదా, అప్పుడు మాస్కోలో అమెరికా రాయబారిగా చేసి సోవియట్ నాయకుడు కృశ్చేవ్‌ని దగ్గర్నుంచి చూసిన థాంప్సన్ అనే ఆయన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పక్కనే ఉన్నాడు, క్యూబాని నేనే కాపాడాను అని తన జనానికి చెప్పుకునే దారి కృశ్చేవ్‌కి ఉంటే వెనక్కి తగ్గుతాడని ఆయన అంచనా. కెన్నెడీ క్యూబా మీద దాడి చెయ్యబోమని మాటిచ్చాడు, టర్కీలో తమ మిస్సైళ్లు తీసేస్తామని గుట్టుగా ఒప్పుకున్నాడు, అంతే, యుద్ధం ఆగిపోయింది. శత్రువు ఇబ్బందే అంత అర్థం చేసుకుంటే ఓటేసిన సొంత మనిషి ఇబ్బంది అర్థం కాదా?

మన లాల్ బహదూర్ శాస్త్రి గారు 1956లో అరియలూరు రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి పదవే వదిలేశారు. మేం అంత అడగట్లేదు. వచ్చే సీజన్ మామిడి రేటు తేల్చే మీటింగ్ ఏసీ హాల్లో కాకుండా బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో, ట్రాక్టర్ల మధ్యలో పెట్టమని మీ పేపర్ ద్వారా అధికారుల్నీ నాయకుల్నీ అడుగుతున్నా.

ఇట్లు,
ఒక రైతు బిడ్డ, చిత్తూరు