మైగ్రేన్ ఆపరేషన్: సగం లెక్కే చెబుతున్నారు

సంపాదకులకు నమస్కారం.

పద్దెనిమిదేళ్లుగా మైగ్రేన్‌తో బతుకుతున్నాను. నెలలో సగం రోజులు తలుపులు వేసుకుని చీకట్లో పడుకునేవాళ్లకు ‘ఆపరేషన్‌తో శాశ్వత విముక్తి’ అన్న ప్రకటన కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. నేనూ అలా ఆశపడ్డదాన్నే.

ఈ ఆపరేషన్ బూటకమని నేననను. నుదుటి ముడతలకు సర్జరీ చేయించుకున్న కొందరికి తలనొప్పి కూడా తగ్గిందని అమెరికాలోని ప్లాస్టిక్ సర్జన్ బహ్మాన్ గుయురాన్ గమనించారు. నుదురు, మెడ వెనుక నరాలను నొక్కుతున్న కండరాన్ని కొంత తీసేయడం, కణత దగ్గరైతే చిన్న నరాన్నే కొంత తీసేయడం ఈ పద్ధతి. 2009లో ఆయన బృందం 75 మందిపై చేసిన పరీక్షను ప్రచురించింది. 49 మందికి అసలు ఆపరేషన్ చేశారు. 26 మందికి కోత పెట్టి, లోపల ఏమీ కదపకుండా కుట్లు వేశారు. ఏడాది తర్వాత చూస్తే, అసలు ఆపరేషన్ అయినవాళ్లలో 57 శాతం మందికి మైగ్రేన్ పూర్తిగా పోయింది. ఉత్తుత్తి ఆపరేషన్ అయినవాళ్లలో అలా పోయింది 4 శాతం లోపే. ప్రకటనలు ఇక్కడితో ఆపేస్తాయి. కానీ ఆ ఉత్తుత్తి ఆపరేషన్‌తోనే దాదాపు 58 శాతం మందికి నొప్పి బాగా తగ్గింది! అసలు ఆపరేషన్‌తో అలా తగ్గింది 84 శాతం మందికి. తేడా ఉంది, కాదనను. కానీ ఈ రెండో లెక్క తెలియకుండా కత్తి కిందికి వెళ్లడం న్యాయమా? క్లినికల్ ట్రయల్స్‌లో తప్ప ఈ సర్జరీని సూచించవద్దని అక్కడి తలనొప్పి నిపుణుల సంఘం అమెరికన్ హెడేక్ సొసైటీ 2013లో చెప్పింది. అక్కడి ప్లాస్టిక్ సర్జన్ల సంఘం మాత్రం సమర్థిస్తోంది. కొందరికి గుండెలో పుట్టుకతో ఉండే చిన్న రంధ్రాన్ని మూస్తే మైగ్రేన్ పోతుందన్నది మరో ఆశ. 2008, 2017లలో వచ్చిన రెండు పరీక్షల్లోనూ దాని ప్రధాన లక్ష్యం నెరవేరలేదు.

నేను సంప్రదించిన సర్జన్ నెలకు ఎన్ని మాత్రలు వేసుకుంటున్నానో ఒక్కసారి కూడా అడగలేదు. న్యూరాలజిస్టు మొదట అడిగింది అదే. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్ మాత్రలు 10 రోజులు దాటితే ఆ మందులే తలనొప్పి తెచ్చిపెడతాయట. డాక్టరు పర్యవేక్షణలో మానేశాను. మొదటి మూడు వారాలు నరకం. ఆ తర్వాత నొప్పి రోజులు సగానికి తగ్గాయి. మైగ్రేన్ రాకుండా 2010 నుంచి బొటాక్స్, 2018 నుంచి సీజీఆర్‌పీ (మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న ఒక పదార్థం)ని అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. అవేవీ ప్రయత్నించకముందే నాకు ఆపరేషన్ తేదీ ఇచ్చేశారు!

దయచేసి ఇలాంటి ప్రకటనల్లో ‘శాశ్వత’ అన్న మాటను అనుమతించకండి. ఈ సర్జరీ మీద వ్యాసం వేసినప్పుడు ఉత్తుత్తి ఆపరేషన్ ఫలితాన్ని కూడా పక్కనే అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు