పద్నాలుగో భాగం తర్వాత

కడప,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

ఫోన్లో నువ్వన్న మాటకు ఆ పూట జవాబు చెప్పలేకపోయినా. "నెట్‌లో కత రాసి ఊరందరి ముందర పెట్టినాక ఊరోళ్లు నవ్వుతారు, దానికి నీకెందుకురా ఇంత బాధ" అంటివి. నేను ఏడురోడ్ల కాడ ఆటో కోసం నిలబడి ఉంటి, ఆ గోలలో సరేలే అనేసినా. సరే కాదు. అందుకే కాగితం పట్టుకున్నా. ఓపిగ్గా చదువు, సగంలో ఫోన్ చేసి వాదన పెట్టుకోవద్దు.

మా మిద్దె మీద జరిగింది నీకు సగమే తెలుసు. కరెంటు పోయింది, ఉక్కపోత, నలుగురం చాప పరుచుకుని కూర్చున్నాం. నువ్వు పంపిన కతను నేనే గట్టిగా చదివినా. అదే, సినిమాలో చచ్చిపోయిన జతగాడు నిజానికి చావలేదని, లోయలో పడి బతికినాడని ఎవరో అభిమాని అల్లుకున్న కత. "అతడు మౌనంగా గట్టిగా అరిచెను" అనే కాడికొచ్చేసరికి చాప మీద పడి పొర్లినాం. మూడో భాగంలో వాని కండ్లు తేనె రంగు, ఆరో భాగానికి నీలం. నాయికకు పదిహేడేండ్లు, అప్పుడే డాక్టరు, కరాటే వచ్చు, వీణ వచ్చు, గుత్తొంకాయ కూడా బాగా చేస్తాది. ఇంక ఫుల్‌స్టాప్ అంటావా, ఎండాకాలం బుగ్గవంకలో నీళ్ల మాదిరి, యాడో ఒకచోట. నేను నాటకం పద్యం మాదిరి రాగం తీసి చదివినా. బాగా చదివినా కూడా, ఒప్పుకుంటా. ఆ పూట నా గొప్పే గొప్ప.

ఆ ముగ్గురిలో ఒకడు దాన్ని రికార్డు చేసినాడు. వాడెవరికి పంపినాడో, వాళ్లెవరికి పంపినారో. కత పేరు, రాసిన మనిషి పెట్టుకున్న పేరు, అన్నీ అందులో నా గొంతుతోనే ఉండాయి.

నీకు తెలీని సగం ఇది. వారం తర్వాత చూస్తే పద్నాలుగో భాగం కింద ఆ మనిషి రెండు వరసలు రాసింది. ఈ వారం ఇంతమంది నా కత చదివినారంటే నమ్మలేకుండా ఉండా, తప్పులుంటే చెప్పండి, అని. ఆ ఇంతమంది ఎవురనుకున్నావ్? మనోళ్లే, రికార్డింగు విని నవ్వుకోను వచ్చినోళ్లు. గేలి చెయ్యను వాకిట్లోకొచ్చినోళ్లను చుట్టాలనుకుని మంచినీళ్లు ఇచ్చినట్లుండాది. రెండు దినాలకు మళ్లా చూస్తే కత మొత్తం ల్యాదు. ఆడపిల్లో మగపిల్లోడో, పదహైదేండ్లో నలభైయేండ్లో నాకు తెలీదు. "ఆ మనిషి" అని రాస్తాండేది అందుకే.

సినిమా బాగలేకుంటే తిట్టమా అంటివి. తిడతాం. టికెట్టు కొన్నాం, ఇంటర్వెల్లో టికెట్టు కంటే ఎక్కువ తగలేసినాం, తీసినోళ్లు డబ్బుల కోసం తీసినారు. అది బేరం. ఈ కతకు ఎవరు ఎవరికి రూపాయిచ్చినారు? ఇది తిరునాళ్లలో ఊరి పిల్లోళ్లు ఏసే నాటకం. కిష్ణుడు పద్యం మర్చిపోయి తెర ఎనక్కి చూస్తే నవ్వుతాం, ఆపుకోలేం గదా. అంతేగానీ పక్కూరికి పోయి, ఫలానా వాని కొడుకని పేరు చెప్పి, వాని కిరీటం జారింది చేసి చూపించం. నేను చేసింది ఆ రెండోది.

ఇంకో మాట కూడా అంటివి, సొంతంగా కత కట్టుకోను చేతగాక వేరేవాళ్ల పాత్రల్ని ఎత్తుకున్నారని. మాయాబజార్‌లో డైలాగులన్నీ నోటికొచ్చిన నువ్వా ఈ మాటనేది? శశిరేఖ పెండ్లి వ్యాసుని భారతంలో యాడుందో చూపించు. అభిమన్యుని మీద, ఘటోత్కచుని మీద ప్రేమ ఎక్కువై ఎవరెవరో అల్లుకుంటా వచ్చిన కత అది. 1957లో సినిమా అయింది, మనం ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తాండాం.

మొన్న ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయానికి వేరే పని మీద పోయి, ఇదే బుర్రలో ఉండి, పాత కావ్యాల అవతారికలు, అదే కత మొదలుపెట్టే ముందర కవి చెప్పుకునే పద్యాలు, తిరగేసినా. దేవుని స్తుతి, పాత కవుల స్తుతి, ఆ ఎనకనే కుకవి నింద, అంటే చెడ్డ కవుల్ని తిట్టేది. చూడు, పెద్దోళ్లు కూడా చెడ్డ రాతను తిట్టినాకనే కావ్యం మొదలుపెట్టినారు అని మొదట నా ప్రాణం నిమ్మళించింది. రెండు మూడు చదివేసరికి ఆ సుఖం కూడా పోయింది. నేను చూసినవాటిలో ఎవరి పేరూ ల్యాదు. మాటలు దొంగిలించేవాన్ని, అర్థం తెలీకుండా కూసేవాన్ని, ఆ రకాన్ని తిట్టినారు. చదివే ప్రతి కవీ "నన్ను గాదు గదా" అని తడుముకోవాల్సిందే.

అమెరికాలో కూడా ఇట్లాంటిది ఒకటి జరిగింది. స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానులు రాసే కతల్లో పుట్టుకతో అన్నీ వచ్చిన పిల్లలు కుప్పలుగా వస్తాంటే, పాలా స్మిత్ అనే ఆమె 1973లో తనూ అట్లాంటి చిన్న కతే రాసింది. అందులో పిల్ల పేరు మేరీ స్యూ, పదిహేనున్నర ఏండ్లకే లెఫ్టినెంటు. మన గుత్తొంకాయ డాక్టరుకు అక్క. ఎవరి కతనూ చించి వీధిలో వేయలేదు, తనే ఒకటి కల్పించి నవ్వించింది. అయితే తర్వాత ఆ పేరే కర్రయింది. ఆడపిల్ల నాయికగా కనపడితే చాలు, మేరీ స్యూ అని ఒక దెబ్బ. నవ్వు మంచిదైనా, దాన్ని తర్వాత ఎవరు పట్టుకుంటారో మన చేతుల్లో ఉండదు. నా రికార్డింగు సంగతి నీకు తెల్సిందే గదా.

మన బద్వేలు పక్క గోపవరం మొల్లనే చూడు. రామాయణం మొదట్లోనే నాకు నిఘంటువులు తెలీవు, వ్యాకరణం తెలీదు, దేవుని దయతో రాస్తాండా అని చెప్పుకుంది. ఆ పొద్దు మిద్దె మీద ఆ మాటలు నా చేతికొచ్చింటే ఏ రాగంలో చదివిందునో తల్చుకుంటే సిగ్గేస్తాది.

అట్లని పొగిడేదే ధర్మం అనుకోవద్దు. ఆ కత కింద "సూపర్ సిస్, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు" అని రాసినోళ్లలో సగం మంది చదివినారని నేను నమ్మను. కండ్ల రంగు మారిందని ఒక్కడన్నా చెప్పల్యా. ఇంకోటి, నాయికను హీరో చెంప మీద కొడితే దానికే ఆమె మనసిచ్చేస్తాదని రాసే కతలుంటాయి చూడు, బతికున్న నటీమణుల పేర్లు పెట్టి బూతులు రాసేవి ఉంటాయి, వాటి కాడ నాకేం మొహమాటం ల్యాదు. పేరు పెట్టే చెప్తా. అది తెలుగు రాకపోవడం కాదు.

ఈ కతలో అట్లాంటిదేం ల్యాదు గదా. తప్పులు చెప్పమని అడిగింది ఆ మనిషి. ఎవరో ఒకరు చెప్పల్ల. మనం అంత నవ్విన వాక్యం గుర్తుకు తెచ్చుకో. వాడు కిటికీ అవతల నిలబడి ఉండాడు, లోపల వాళ్లమ్మ వాని ఫోటోకు దండ మారుస్తాంది, వాడు పిలవలేడు. "అరిచినాడు. గొంతులోనుంచి ఏమీ రాలేదు." ఇంతే కావాల్సింది. ఈ పాటి మాట రాయను నాకు రెండు నిమిషాలు పట్టిందేమో, రాగం తీయను మాత్రం గంట పట్టింది.

ఈ వేసవిలో వస్తానంటివి, కారం దోసె సంగతి వచ్చినాక చూసుకుందాం. ముందు ఒక పని చెయ్. నవ్వుకోను నువ్వు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నావు గదా, వాటిని తుడిపేయొద్దు. వాడు రాత్రిపూట వాళ్లమ్మ వాకిట్లోకొచ్చి గొళ్లెం మీద చెయ్యి పెట్టినాడు, అక్కడికి పద్నాలుగో భాగం అయిపోయింది. ఆ చివరి పేజీ నాకు మళ్లా పంపు. అమ్మ మేలుకోనుందో లేదో ఆ రాసిన మనిషి ఏమన్నా సూచన ఇచ్చిందేమో చూడల్ల, ఆ పొద్దు నవ్వులో పడి సరిగ్గా చదవలేదు.

ఉంటా మరి,
నీ జతగాడు