గరిష్ఠ పరిమితి దాటి గాలి కొట్టమన్న మీ సలహాపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: రిమ్ముపై కూర్చోని ట్యూబ్‌లెస్ సైకిల్ టైరు, దాని గురించి మీ సిబ్బంది ఇచ్చిన ప్రమాదకరమైన సలహా.

నమస్కారం. మీ కంపెనీ తయారుచేసిన 57-622 సైజు ట్యూబ్‌లెస్ టైరు మూడు వారాల క్రితం కొన్నాను. ఇంతవరకు దాని మీద ఒక్క కిలోమీటరు కూడా తొక్కలేదు. గాలి కొడితే బీడ్, అంటే రిమ్ములో ఇమిడే టైరు గట్టి అంచు, చుట్టూ రిమ్ము అంచుకు ఎక్కుతోంది గానీ, ఒకచోట మాత్రం జానెడు మేర లోపలే ఉండిపోతోంది. బీడ్ పక్కన మీరే అచ్చువేసిన సన్నని గీత అక్కడ రిమ్ము కిందికి మాయమవుతోంది. చక్రం తిప్పితే ఆ చోటికి వచ్చేసరికి టైరు ఎగుడుదిగుడుగా ఊగుతోంది.

ఇలాంటి టైర్లు ఒక్కోసారి మొండికేస్తాయని నాకు తెలుసు. ఏళ్ల తరబడి నా సైకిల్ టైర్లు నేనే మార్చుకుంటున్నాను. అందుకే మొదట మిమ్మల్ని తప్పుపట్టలేదు. రిమ్ము టేపు పాతదని పీకేసి కొత్తది వేశాను. రెండు బీడ్‌లకూ సబ్బునీళ్లు రాశాను. ఫ్లోర్ పంపుతో గాలి చాలకపోతే వాల్వు లోపలి కోర్ (గాలిని ఆపే చిన్న భాగం) తీసేసి కంప్రెసర్‌తో కొట్టాను. గాలి పక్కల నుంచి జారిపోయేలోగా బీడ్‌లను బయటికి నెట్టాలంటే ఒక్కసారిగా ఎక్కువ గాలి వెళ్లాలి కదా. టపటపమని శబ్దం వచ్చి మిగతా చుట్టంతా కూర్చుంది, ఆ జానెడు తప్ప. లోపల ట్యూబు వేసి, గాలి నింపి రాత్రంతా ఉంచాను. పొద్దున ఒకవైపు బీడ్ కదలకుండా ట్యూబు తీసి మళ్లీ కొట్టాను. అదే చోటు, అదే తీరు. ఈ ప్రయత్నాల్లో గాలి కారకుండా టైరులో పోసే సీలెంట్ ద్రవం 100 మి.లీ. నేలపాలైంది.

అప్పుడు అనుమానం వచ్చి టైరు మీద ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాను. టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించాను. లోపం సుద్ద గుర్తుతో పాటే తిరిగింది. వెనక చక్రానికి వేసి చూసినా గుర్తున్న చోటే లోపలికి ఉంది. నా పాత టైరు మాత్రం ఇదే రిమ్ము మీద మొదటిసారికే కూర్చుంది. కాబట్టి లోపం రిమ్ములో లేదు, టేపులో లేదు. మడతపెట్టి ప్యాక్ చేసిన ఈ టైరును పెట్టెలోంచి తీసినప్పుడే సరిగ్గా ఆ చోట బీడ్ గట్టిగా నొక్కుకుపోయి ఉంది.

ఇదంతా ఫోన్లో చెబితే మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు: "65 పీఎస్‌ఐ కొట్టండి సార్, అదే ఎక్కుతుంది." టైరు పక్కన మీరే అచ్చువేసిన గరిష్ఠ పరిమితి 50. ఆ మాట చెప్పాను. "కాసేపే కదా, ఏం కాదు" అన్నారు.

నాకు టైరు పాడైనందుకు కన్నా ఈ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. టైరు మీద ఒక పరిమితి, రిమ్ము మీద ఒక పరిమితి ఉంటే రెండింట్లో తక్కువదాన్నే పాటించాలి. అది దాటితే సరిగా కూర్చోని బీడ్ ఒక్కసారిగా రిమ్ము నుంచి ఎగిరిపోవచ్చు. గాలి కొట్టే మనిషి ముఖం చక్రానికి మూరెడు దూరంలో ఉంటుంది. కళ్లకో చెవులకో దెబ్బ తగలడానికి "కాసేపు" కూడా అక్కర్లేదు. నేను 48 దగ్గరే ఆపేశాను. మొదటిసారి ట్యూబ్‌లెస్ వేస్తున్న కుర్రాడైతే కంపెనీ వాళ్లే చెప్పారు కదా అని కొట్టేస్తాడు.

నేను అడిగేవి రెండే. ఈ టైరు బదులు మంచిది పంపండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. ఇక పరిమితి దాటి గాలి కొట్టమని ఎవరికీ చెప్పకూడదని మీ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశించి, ఆ సంగతి నాకు తెలియజేయండి. రెండోదాన్ని నేను వదలను.

బిల్లు నకలు, రెండు చక్రాల మీదా తీసిన ఫొటోలు జతచేశాను. టైరును సుద్ద గుర్తు చెరపకుండా అలాగే ఉంచాను. పరీక్షకు తీసుకెళ్లడానికి ఎప్పుడు వస్తారో చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు