రెండు లా డిగ్రీలు సరే, ఏ కోర్టులో వాదిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, 'ఒకే కోర్సుతో రెండు దేశాల్లో లాయర్' అంటూ కన్సల్టెన్సీల ప్రకటనలు మొదలవుతాయి. కోర్సుల్లో లోపం లేదు. లండన్ కింగ్స్ కాలేజీ, పారిస్-1 పాంథియాన్ సోర్బాన్ యూనివర్సిటీ కలిసి నడిపే కోర్సునే తీసుకుందాం. నాలుగేళ్లలో మొదటి రెండు లండన్‌లో, తర్వాతి రెండు పారిస్‌లో. చివరికి ఎల్‌ఎల్‌బీ, దాంతోపాటు ఫ్రాన్స్‌లో మాస్టర్ అనే రెండేళ్ల పీజీలో మొదటి ఏడాది చేతికొస్తాయి. అయితే డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, వాదించే హక్కు ఇచ్చేది వేరే సంస్థ. ప్రకటనలు దాటేసేది దీన్నే.

ఇంగ్లండ్ దారి కొంత నయం. సొలిసిటర్ (కక్షిదారులకు సలహా ఇచ్చి, కేసు పనులు చూసే లాయర్) కావాలంటే ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష రెండు దశలూ పాసై, రెండేళ్ల పని అనుభవం చూపాలి. ఆ అనుభవం హైదరాబాద్ ఆఫీసులో సంపాదించినా చెల్లుతుంది. దాన్ని ధ్రువీకరించే పెద్దమనిషి మాత్రం ఇంగ్లండ్ సొలిసిటర్ అయివుండాలి.

ఫ్రాన్స్‌లోనే అసలు తిరకాసు. 2025 జనవరి 1 నుంచి అక్కడ అడ్వకేట్ వృత్తిలోకి రావాలంటే మాస్టర్ రెండేళ్లూ పూర్తయివుండాలి. అంటే నాలుగేళ్ల జంట కోర్సు ఒక ఏడాది తక్కువ పడుతుంది. ఆ అయిదో ఏడాది సీటుకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎంపిక. దానికి తోడు లాయర్లకు శిక్షణ ఇచ్చే బార్ స్కూలు ప్రవేశ పరీక్ష. ఇన్నీ దాటినా లాయర్ వృత్తిపై ఫ్రాన్స్ 1971 చట్టం పౌరసత్వం అడుగుతుంది: ఫ్రాన్స్, ఐరోపా యూనియన్, ఐరోపా ఆర్థిక ప్రాంత దేశాలవారికి చోటుంది, మిగతావారికి వాళ్ల దేశం ఫ్రెంచివారికి అదే వీలు కల్పిస్తేనే. మన అడ్వకేట్స్ చట్టమూ విదేశీయులకు ఇదే షరతు పెట్టింది కాబట్టి, మీరు ముందంటే మీరు ముందన్నట్టుంది వ్యవహారం.

యానాంలో 1962 విలీనం నాడు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్న కుటుంబాల పిల్లలకు పారిస్‌లో ఈ అడ్డు లేదు. వాళ్లకు చిక్కు ఇక్కడి బార్ కౌన్సిల్ దగ్గర.

భాష సంగతీ చెప్పాలి. ఇంటర్‌లో మార్కుల కోసం తీసుకున్న ఫ్రెంచి పారిస్‌లో ఏ మూలకూ రాదు. పరీక్షలో ఒక తీర్పు ఇచ్చి మూడు గంటల్లో వ్యాఖ్య రాయమంటారు. రెండు భాగాలు, ఒక్కోదానిలో రెండేసి ఉపభాగాలు, ఆ చట్రం తప్పకూడదు. తీర్పులో ఉన్నదే మరో మాటల్లో తిప్పి రాస్తే మార్కులు పోతాయి, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. సీనియర్ల పాత నోట్సుతోనూ జాగ్రత్త. 2016 అక్టోబరు 1 నుంచి ఫ్రాన్స్ సివిల్ కోడ్‌లో కాంట్రాక్టు భాగం మారిపోయింది. నష్టపరిహారానికి ఆయువుపట్టయిన 1382వ అధికరణం ఇప్పుడు 1240.

ఇక తిరిగొస్తే? మన కొలబద్ద ఇంటర్ తర్వాత అయిదేళ్ల సమీకృత కోర్సు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. నాలుగేళ్ల జంట డిగ్రీ రెంటిలోనూ ఇమడదు. యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అర్హత పరీక్ష రాయాలి, ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. అందుకే ఫీజు కట్టకముందే సిలబస్, కోర్సు కాలం జతచేసి కౌన్సిల్‌కు రాసి, రాతపూర్వక జవాబు తెప్పించుకోవడం మంచిది. 'మా సీనియర్‌కు ఇచ్చారు' అన్నది జవాబు కాదు.

విదేశీ లా డిగ్రీల్లో ఏ కోర్సు, ఎన్నేళ్లది చెల్లుతుందో కౌన్సిల్ కోర్సులవారీగా ఏటా అడ్మిషన్లకు ముందే ప్రకటించాలి. మీ విద్యా పేజీ కూడా ఇలాంటి కోర్సు గురించి రాసినప్పుడు ఫీజు, సీట్ల పక్కనే ఏ దేశపు బార్ ఏం అడుగుతుందో ఒక్క వరుస వేస్తే తల్లిదండ్రులకు మేలు.

భవదీయుడు,
ఒక లా లెక్చరర్, కాకినాడ